రెండో వయొలిన్

వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చిన విద్యార్థికి మొదటి వయొలిన్ చాలదు. రెండోదాన్ని ఎలా ఎంచుకోవాలి? వసంత్ కుంజ్‌లో ఉండే తెలుగు కుటుంబానికి ఈ ప్రశ్న చెన్నైలో, విజయవాడలో కన్నా కాస్త కష్టమైనది.

సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, ఆదితాళ వర్ణాలు. ఈ మెట్లన్నీ ఎక్కి అటతాళ వర్ణం ముందు నిలబడేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి. అప్పటిదాకా ఏ లోటూ తెలియనివ్వని వయొలిన్ అక్కణ్నుంచి మొరాయిస్తుంది. తారస్థాయిలో స్వరం కీచుమంటుంది. మూడో కాలంలో కమాను పరుగెడితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తోడి గాంధారాన్ని ఎంత ఊపినా ఆ ఊపు వేలికే తెలుస్తుంది, ఎదుట కూర్చున్నవాళ్ల చెవిదాకా రాదు. గురువు కొన్నాళ్లు చూసి, చూసి, "ఇక మంచి వయొలిన్ చూసుకోండి" అంటారు. అమ్మానాన్నలకు దిక్కుతోచని పని అప్పుడు మొదలవుతుంది. మంచిదంటే ఏది? ఎంతలో? ఎవర్ని అడగాలి?

వసంత్ కుంజ్ 1980ల నుంచి ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఫ్లాట్లతో పెరిగిన ప్రాంతం. ఒక పక్క జేఎన్‌యూ, ఇంకో పక్క విమానాశ్రయం, మధ్యలో ఆరావళి రాతి గుట్టల అడవి. ఇక్కడి తెలుగువాళ్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, అధ్యాపకులు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. కర్ణాటక సంగీతం వినడానికి వీళ్లకు కొదవలేదు. రామకృష్ణపురంలోని మలై మందిర్ గుడి దగ్గరే. ధౌలా కువాఁ పక్కన తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతానికి చోటుంది. వయొలిన్ విద్వాంసుడు టి.ఎన్. కృష్ణన్ అక్కడి సంగీత విభాగానికి డీన్‌గా పనిచేశారు. మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు. దక్షిణాది సంగీతం ఈ నగరంలో చుట్టపుచూపుగా వచ్చి వెళ్లింది కాదు, కాపురం ఉన్నది.

వాద్యం కొనే విషయానికి వస్తే మాత్రం పరిస్థితి వేరు. ఢిల్లీకి తన సొంత వాద్య సంప్రదాయం ఉంది. అది సితార్, సరోద్‌లది. లాహోర్‌లో మొదలై, దేశ విభజన తర్వాత కన్నాట్ ప్లేస్‌కు చేరిన రిఖీ రామ్ దుకాణం అందుకు పెద్ద ఉదాహరణ. 1966లో బీటిల్స్ ఢిల్లీలో ఆగినప్పుడు జార్జ్ హారిసన్ సితార్ కొన్నది అక్కడే. సితార్ కొనేవాడు ఈ నగరంలో చేసినవాడి ఎదుటే కూర్చుని బేరమాడగలడు. వయొలిన్ కొనేవాడికి ఆ భాగ్యం తక్కువ. ఇక్కడి దుకాణాల్లోని వయొలిన్లు ఎక్కువగా చైనాలో తయారై, పాశ్చాత్య శ్రుతికి తీగలు బిగించి ఉన్నవి. కొందరు సెలవులకు దక్షిణాదికి వెళ్లినప్పుడు కొంటారు. చెన్నై అన్నాసాలైలో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ లాంటి దుకాణాలకు ఢిల్లీ నుంచి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఇంకొందరు ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకుంటారు. వయొలిన్ కొనే దారుల్లో అన్నిటికన్నా గుడ్డిది ఈ చివరిదే. బొమ్మ నాదం వినిపించదు.

ముందు పాతదాని సంగతి

గురువు అన్న మర్నాడే దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. మొదటి వయొలిన్ నిజంగానే చాలడం లేదా, లేక సరిగ్గా అమర్చక పలకడం లేదా అన్నది ముందు తేలాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చవక వయొలిన్ బ్రిడ్జి చాలాసార్లు మందంగా, ఎత్తుగా ఉంటుంది. తీగ ఎత్తుగా ఉంటే వేలు ఎక్కువ నొక్కాలి. నొక్కుడు ఎక్కువైతే జారు బరువెక్కుతుంది, స్వరం కొంచెం హెచ్చుతుంది. పిల్ల సాధన చేయడం లేదని ఇంట్లో కోప్పడతారు. అసలు తప్పు రెండు మిల్లీమీటర్ల చెక్కలో ఉంటుంది.

లోపల సౌండ్ పోస్ట్ అనే సన్నటి పుల్ల ఒకటి ఉంటుంది. పై పలకకూ వెనక పలకకూ మధ్య ఏ జిగురూ లేకుండా, పలకల బిగువు మీదే నిలబడుతుంది. అది మిల్లీమీటరు జరిగినా నాదం మారిపోతుంది. కొత్త బ్రిడ్జి, సరైన చోట నిలబెట్టిన పోస్ట్, మంచి తీగలు. ఈ మూడూ చేయిస్తే అయ్యే ఖర్చు కొత్త వయొలిన్ ధరలో చిన్న భాగం. తీగల విషయంలో ఒక మాట. ఒకప్పుడు గొర్రె పేగుతో చేసిన తీగలే ప్రమాణం. అవి వాతావరణానికి తట్టుకోలేవు. 1970లో వియన్నాకు చెందిన థొమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ సంస్థ కృత్రిమ నారతో 'డొమినెంట్' తీగలు తెచ్చాక పరిస్థితి మారింది. చవక వయొలిన్‌తో పాటు వచ్చే ఉక్కు తీగలు తీసి ఇలాంటివి వేస్తే చాలు, కొన్ని వాద్యాలు గొంతు సవరించుకుని పలుకుతాయి.

కొన్ని పలకవు. పలకలు చెక్కినవి కాకుండా వేడితో వంచినవో, ప్లైవుడ్‌తో చేసినవో అయితే ఎన్ని మరమ్మతులు చేసినా ఆ పలకల్లోంచి నాదం రాదు. ఈ మరమ్మతులన్నీ అయ్యాక కూడా తారస్థాయి కీచుమంటుంటే, అప్పుడు కొత్తదానికి వేళయిందని నమ్మవచ్చు.

కళ్లు మూసి చేసిన పరీక్ష

2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి ఒక హోటల్ గదిలో ఫ్రాన్స్‌కు చెందిన ధ్వనిశాస్త్రవేత్త క్లాడియా ఫ్రిట్జ్, అమెరికాకు చెందిన వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ ఒక ప్రయోగం చేశారు. 21 మంది వాద్యకారుల చేతికి ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి. మూడు పాత ఇటాలియన్లు: రెండు స్ట్రాడివేరి చేసినవి, ఒకటి గ్వార్నేరి డెల్ జెసూ చేసినది. వాయించేవాళ్లకు ముదురు రంగు కళ్లద్దాలు పెట్టి, గదిలో వెలుతురు తగ్గించారు. పాత చెక్క వాసన పసిగట్టకుండా గడ్డం ఆనించే చోట కొంచెం అత్తరు కూడా పూశారు. చివర్లో ఒకటే ప్రశ్న: వీటిలో ఒకటి ఇంటికి పట్టుకుపోవచ్చంటే ఏది తీసుకుంటారు?

పదమూడు మంది కొత్త వయొలిన్‌ను కోరుకున్నారు. అన్నిటికన్నా తక్కువ నచ్చినది ఒక స్ట్రాడివేరి. 2012లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు వయొలిన్ లోకంలో పెద్ద దుమారమే రేగింది. హోటల్ గదిలో కచేరీ నాదం ఎలా తెలుస్తుందని పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని పారిస్ దగ్గర మరోసారి, ఈసారి పేరున్న పదిమంది సోలో విద్వాంసులతో, పన్నెండు వయొలిన్లతో, గదిలోనూ కచేరీ హాల్లోనూ పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ పదిమందిలో ఆరుగురు కొత్త వాద్యాన్నే ఎంచుకున్నారు. ఇది జరిగింది స్ట్రాడివేరి ధరలు ఆకాశాన్నంటిన కాలంలోనే. 1721 నాటి 'లేడీ బ్లంట్' స్ట్రాడివేరి 2011 వేలంలో సుమారు కోటీ 59 లక్షల డాలర్లు పలికింది.

స్ట్రాడివేరి గొప్పవాడు కాదని ఈ ప్రయోగాలు చెప్పలేదు. ధర, వయసు, పేరు తెలిశాక చెవి నిష్పాక్షికంగా వినలేదని చెప్పాయి. వసంత్ కుంజ్‌లో ఇరవై, ముప్ఫై వేల రూపాయల వయొలిన్ కొనబోయే కుటుంబానికి కూడా ఆ సంగతి అక్షరాలా వర్తిస్తుంది. మూడు నాలుగు వాద్యాలు ముందు పెట్టుకున్నప్పుడు వాటి ధరలు వాయించే పిల్లకు చెప్పకూడదు. ఆమె కళ్లు మూసుకుంటే, అమ్మో నాన్నో వరస మార్చి ఒక్కొక్కటీ చేతికందించాలి. అదే వర్ణం, అదే కమాను. ఏది నచ్చిందో కాగితం మీద రాసుకోవాలి. మర్నాడు మళ్లీ వరస మార్చి చేయాలి. రెండు రోజులూ ఒకటే వాద్యం పైకి వస్తే దాని ధర అప్పుడు చూడాలి.

కళ్లతో పని లేకుండా నాదాన్ని కొలవడం తెలుగు వయొలిన్‌కు కొత్త కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు చిన్నప్పటి నుంచీ సరిగా ఆనేది కాదు. అన్న వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాదన విని ఆచార్యుడిగానే నియమించారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఆదిభట్ల నారాయణదాసు ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ద్వారం వారు కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. పాశ్చాత్యుల కమాను పనిని శ్రద్ధగా గమనించి, అందులోంచి తనకు కావలసినది తీసుకున్నారు. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వారి వాదన విని ముగ్ధుడయ్యాడు. మెనుహిన్ అప్పటికే 'సోయిల్' అనే స్ట్రాడివేరి యజమాని. ఆ స్థాయి నాదానికి అలవాటుపడిన చెవిని ద్వారం వారి కమాను నిలబెట్టేసిందంటే, వయొలిన్ గొప్పదనం ఎంతవరకు చెక్కలో ఉంది, ఎంతవరకు చేతిలో ఉంది అని తెలుగు విద్యార్థి తప్పక ఆలోచించాలి.

శ్రుతి దించితే

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లకు వయొలిన్ ఎంచేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దుకాణాల్లో ఎవరూ చెప్పనిది శ్రుతి సంగతి.

వయొలిన్ ఇటలీలో రూపుదిద్దుకుంది. దాని నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ అనే స్వరాలకు బిగిస్తారు. పలకల మందం, బ్రిడ్జి ఎత్తు, తీగల లావు అన్నీ ఆ బిగువును లెక్కలోకి తీసుకుని చేసినవే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చాక దాన్ని పట్టుకుని కూర్చునే తీరూ మారింది, శ్రుతీ మారింది. మన పద్ధతిలో తీగలు షడ్జం, పంచమం, షడ్జం, పంచమం. ఏ షడ్జం అన్నది పాడేవాళ్ల గొంతును బట్టి ఉంటుంది.

గాయని ఐదు శ్రుతిలో పాడుతోందనుకుందాం. షడ్జం జి అవుతుంది. కింది రెండు తీగలు పాశ్చాత్య బిగువులోనే ఉంటాయి. పై రెండు తీగలు ఒక్కో స్వరం దిగుతాయి. తీగ బిగువు దాని కంపన సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒక్క స్వరం దింపితేనే బిగువు సుమారు ఇరవై శాతం పడిపోతుంది. నాలుగు శ్రుతికి వస్తే కింది తీగలు ఇరవై శాతం వదులవుతాయి, పై రెండూ ముప్ఫై ఏడు శాతం దాకా వదులవుతాయి. పురుషుల శ్రుతికి ఇంకా దించాలి. బిగువు తగ్గితే బ్రిడ్జి పలకను నొక్కే బలం తగ్గుతుంది. దుకాణంలో ఖణేల్మన్న వయొలిన్ ఇంటికొచ్చి శ్రుతి దించగానే ముంగిలా ఎందుకైపోతుందో తెలియక ఎంతోమంది కంగారుపడతారు. వాద్యం మారలేదు, దానిమీది బరువు మారింది.

అందుకే పరీక్ష ఎప్పుడూ తమ శ్రుతిలోనే చేయాలి. దుకాణదారు తీగలు దించడానికి ఒప్పుకోకపోతే అక్కడ కొనకపోవడమే మేలు. దించాక కనీసం అరగంట ఆగాలి, తీగలు కుదుటపడాలి. అప్పుడు తంబురో, శ్రుతి బాక్సో పెట్టుకుని ముందు ఖాళీ తీగల మీద నిదానంగా నిండు కమాను వేయాలి. కింది షడ్జం లాగుతుంటే పై షడ్జం తీగ తనంతట తాను కదలాలి. మంచి వాద్యంలో అది కంటికే కనిపిస్తుంది. తర్వాత సహానలో జారులు, తోడిలో గాంధారం, మోహనంలో ఏ గమకమూ లేని నిలకడ స్వరం, చివరగా ఒక వర్ణం మూడు కాలాల్లో. తోడి గమకాన్ని పరీక్షిస్తుంది, మోహనం నాదాన్ని పరీక్షిస్తుంది, మూడో కాలం స్పందనలోని వేగాన్ని పరీక్షిస్తుంది. మొదటి రెండింటిలో మురిపించి మూడోదాంట్లో తేలిపోయే వయొలిన్లు చాలా ఉంటాయి.

తక్కువ శ్రుతి వాయించేవాళ్లకు లావు తీగలు ఒక ఉపాయం. పేరున్న తీగల కంపెనీలు ఒకే రకాన్ని పలుచన, మధ్యరకం, బిరుసు అని మూడు బిగువుల్లో అమ్ముతాయి. దించి వాయించేవాళ్లు బిరుసువి వేసి చూడవచ్చు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వయొలా అందుకున్నారు. వయొలిన్ కన్నా పెద్ద పెట్టె, లోతైన గొంతు ఉన్న వాద్యం అది. మైసూరు చౌడయ్య దారి ఇంకొకటి. మైకులు లేని రోజుల్లో హాలు చివరిదాకా వినిపించాలని ఏడు తీగల వయొలిన్ తయారుచేయించుకున్నారు. ఇద్దరూ వాద్యానికి తమ సంగీతాన్ని సర్దలేదు, తమ సంగీతానికి వాద్యాన్ని మార్చుకున్నారు.

కూర్చునే తీరు కూడా ఈ లెక్కలోదే. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, పెట్టెను ఎడమ భుజానికీ రొమ్ముకూ ఆనించి, కొసను కుడి పాదం మీద నిలుపుతారు. ఎడమ చెయ్యి వాద్యాన్ని మోసే పనిలేక గమకాలకు స్వేచ్ఛగా తిరుగుతుంది. నిలబడి బాగున్న వయొలిన్ కింద కూర్చుంటే ఇబ్బంది పెట్టవచ్చు. గడ్డం చెక్క బిగింపు ఎముకకు గుచ్చుకోవచ్చు, స్క్రోల్ అంచు మడమను ఒరుసుకోవచ్చు. దుకాణంలో నేలమీద ఒక గుడ్డ పరుచుకుని కూర్చుని వాయించడానికి మొహమాటపడకూడదు. కొనేది నేలమీద కూర్చుని వాయించడానికే కదా.

లోపలి చీటీ

ఎఫ్ ఆకారపు కంతలోంచి లోపలికి చూస్తే ఒక చీటీ కనిపిస్తుంది. లాటిన్‌లో ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ అని, క్రెమోనా అని, పదిహేడు వందల నాటి సంవత్సరమొకటి రాసి ఉంటుంది. తాతగారి అటక మీద దొరికిన ఫిడేలులో ఈ చీటీ చూసి గుండె ఝల్లుమనని తెలుగు కుటుంబం లేదు. ఆ ఆశ ఇక్కడే విడిచిపెట్టడం మంచిది. స్ట్రాడివేరి చేసినవాటిలో ఇప్పటికి మిగిలినవి ఆరువందల యాభై ప్రాంతం. వాటి ఆచూకీ నిపుణులకు దాదాపు తెలుసు. ఆ చీటీ మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, బొహీమియాలోని షోన్‌బాఖ్, ఫ్రాన్స్‌లోని మీర్‌కూర్ పట్టణాల నుంచి లోకమంతా ఎగుమతైన లెక్కలేనన్ని వయొలిన్లలో అతికించారు. మోసం చేద్దామని కాదు, 'స్ట్రాడివేరి నమూనా' అని చెప్పడానికి. చీటీలో 'మేడిన్ జర్మనీ' అని కూడా ఉంటే, అది 1890 అమెరికా సుంకాల చట్టం దేశం పేరు ముద్రించాలన్న తర్వాతిది.

అంతమాత్రాన ఆ పాత జర్మన్ ఫిడేలును పారేయనక్కర్లేదు. బాగా ఎండిన స్ప్రూస్, మేపుల్ చెక్కతో చేసిన వాద్యం అది. పగుళ్లు లేకుండా ఉండి, మంచి పనివాడి చేతిలో పడితే, అదే డబ్బుకు దొరికే కొత్తదాన్ని మించి పలకవచ్చు. ఒక్క పగులు మాత్రం క్షమించరానిది: వెనక పలక మీద, సౌండ్ పోస్ట్ ఆనే చోట వచ్చే చీలిక. అతికించినా తీగల బరువు అక్కడే పడుతూ ఉంటుంది. అలాంటి వాద్యం ధర సగానికి సగం పడిపోతుంది. అమ్మేవాడు చెప్పడు. చేతి టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూడాలి.

చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఫింగర్‌బోర్డు నిజమైన ఎబొనీ చెక్కా, లేక నల్లరంగు పూసిన మామూలు చెక్కా? కర్ణాటక వాదనంలో జారులు ఎక్కువ, వేలు గంటల తరబడి ఒకే దారిలో ఒరుసుకుంటుంది. మెత్తటి చెక్కైతే కొన్నేళ్లకే తీగల కింద గాళ్లు పడతాయి. ఎబొనీని తీయించి మళ్లీ నునుపు చేయించుకోవచ్చు. పెట్టె అంచు వెంట పోయే సన్నటి గీత, పర్ఫ్లింగ్, నిజంగా పొదిగినదా, రంగుతో గీసినదా? పొదిగినదైతే అంచులో పుట్టిన పగులు లోపలికి పాకకుండా ఆగుతుంది. వెనక పలక ఒకే ముక్కా, రెండు ముక్కలా అన్నది నాదాన్ని నిర్ణయించదు. పులిచారల్లాంటి మేపుల్ అందమూ అంతే. అది కంటికే, చెవికి కాదు. దుకాణాలు ఎక్కువ డబ్బు అడిగేది మాత్రం ఆ చారలకే.

ఢిల్లీ గాలి

చెన్నైలో కొన్న వయొలిన్ తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి వస్తే ఆ రెండు రాత్రుల్లోనే అది మరో వాతావరణంలోకి అడుగుపెడుతుంది. సముద్రపు తేమ నుంచి పొడిగాలికి. చెక్క తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, కోల్పోయి కుంచించుకుపోతుంది. మే నెలలో వసంత్ కుంజ్ మధ్యాహ్నాల్లో వడగాడ్పు వీచేటప్పుడు గాలిలో తేమ ఇరవై శాతానికి కూడా దిగుతుంది. జులై, ఆగస్టుల్లో ఎనభై దాటుతుంది. వయొలిన్‌కు హాయిగా ఉండేది నలభై, అరవై శాతాల మధ్య. ఎండాకాలం బిరడాలు జారిపోతాయి, వానాకాలం బిగుసుకుపోతాయి. వానల్లో పై పలక కొంచెం పొంగి తీగలు ఎత్తుగా అనిపిస్తాయి, పొడిరోజుల్లో దిగుతాయి. పలకల్ని అంచులకు అతికించే జిగురు జంతు చర్మం నుంచి తీసినది. కావాలనే కొంచెం బలహీనంగా పెడతారు, పలక పగలబోయే ముందు అతుకు విడిపోవాలని. అతుకు విడిపోతే మళ్లీ వేయించుకోవచ్చు, భయపడనక్కర్లేదు.

ఇన్ని మార్పులున్న ఊళ్లో కొనేటప్పుడు ఏ నెలలో పరీక్షిస్తున్నామన్నది కూడా గుర్తుంచుకోవాలి. జూన్‌లో చక్కగా పలికిన వాద్యం ఆగస్టులో మందగించవచ్చు. అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు ఎంచడానికి అనువైనవి. పెట్టెలో చిన్న తేమ కొలిచే మీటరు వేసుకోవడం పెద్ద ఖర్చు కాదు. పార్కింగ్‌లో ఎండకు నిలిపిన కారులో వయొలిన్ వదిలేయడం మాత్రం దాన్ని చంపడమే. జిగురూ కరుగుతుంది, వార్నిషూ మెత్తబడుతుంది. జనవరిలో గది హీటరు పక్కన పెట్టినా అదే నష్టం.

కమాను గురించి ఎవరూ సరిగా మాట్లాడరు. వయొలిన్‌తో పాటు ఉచితంగా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోరు. ద్వారం వారి నాదం కమానులో ఉందని ఆయన్ను విన్నవాళ్లు చెప్పేవారు. సుమారు అరవై గ్రాముల ఆ కర్ర సరైనది కాకపోతే ఎంత మంచి పెట్టె అయినా పలకదు. మేలైన కమానులు బ్రెజిల్‌లో పెరిగే పెర్నంబుకో కర్రతో చేస్తారు. ఆ చెట్టు అంతరించే ప్రమాదంలో పడటంతో 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలు వచ్చాయి, ధర పెరిగింది. ఢిల్లీ వాతావరణంలో ఉండే విద్యార్థికి మంచి కార్బన్ ఫైబర్ కమాను సరైన ఎంపిక. ఎండకు వంగదు, వానకు మెలి తిరగదు. గుర్రపు వెంట్రుకలు మాత్రం పొడిగాలికి పొట్టివవుతాయి. ఎండాకాలంలో సాధన అయ్యాక కమాను వదులు చేయకపోతే ఆ లాగుడుకు కమాను తల విరిగిపోవచ్చు. డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు వయొలిన్‌కు కొంచెం తగ్గించి కమానుకు కొంత ఉంచుకోవడం మంచిది. కొత్త వయొలిన్లు పరీక్షించడానికి వెళ్లేటప్పుడు తమ కమానునే పట్టుకెళ్లాలి. దుకాణంవాళ్లు చేతికిచ్చే ఖరీదైన కమానుతో ప్రతి పెట్టె బాగానే వినిపిస్తుంది.

చివరగా నిర్ణయం ఇంట్లో తీసుకోవాలి. కుదిరితే వారం రోజులు ఇంటికి తెచ్చుకునే ఒప్పందం చేసుకోవాలి. అయితే డీడీఏ ఫ్లాట్ల హాలు చిన్నది, నేల నున్నటిది, గోడలకు తగిలి నాదం తిరిగొస్తుంది. అక్కడ ఏదైనా గంభీరంగానే వినిపిస్తుంది. గురువు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఆన్‌లైన్‌లో నేర్పుతుంటే మరో చిక్కు. నిలిచి మోగే స్వరాన్ని వీడియో కాల్ యాప్‌లు నేపథ్య రొద అనుకుని కోసేస్తాయి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అమరిక పెట్టినా గురువుకు తెలిసేది పాక్షికమే. అందుకే ఒకసారి గుడి హాల్లోనో, బడి ఆడిటోరియంలోనో ఇంకొకరితో వాయింపించి విద్యార్థి దూరంగా కూర్చుని వినాలి. చెవి పక్కన గరుకుగా ఉన్న వాద్యం ముప్ఫై అడుగుల దూరంలో స్పష్టంగా వినిపించడం, పక్కన తియ్యగా ఉన్నది అక్కడికి చేరకపోవడం మామూలే.

రెండో వయొలిన్ ఇంటికొచ్చాక మొదటిదాన్ని అమ్మేయాల్సిన పని లేదు. విజయనగరంలో పుట్టి, గాయని ఎం.ఎల్. వసంతకుమారి పక్కన ఏళ్ల తరబడి వాయించిన అవసరాల కన్యాకుమారి లాంటి పక్కవాద్య విద్వాంసులు ఎన్నో గొంతులకు తమ శ్రుతిని సర్దుకోవాల్సి ఉంటుంది. రోజూ ఐదుకు బిగించి, రెండుకు దించి, మళ్లీ బిగిస్తే తీగలు నిలవవు, పెట్టె కూడా ఒక చోట కుదురుకోదు. పాత వయొలిన్‌కు బిరుసు తీగలు వేసి తక్కువ శ్రుతిలో ఉంచితే, అన్నయ్యో నాన్నో పాడినప్పుడు పక్కన కూర్చోవడానికి అది పనికొస్తుంది. కొత్తది విద్యార్థి సొంత శ్రుతిలో ఉంటుంది. మొదటి వానాకాలం గడిచాక, అక్టోబరులో, దాన్ని ఒకసారి పనివాడి దగ్గరికి తీసుకెళ్లి బ్రిడ్జి, సౌండ్ పోస్ట్ చూపించాలి. ఢిల్లీ గాలికి ఆ చెక్క ఎంత సర్దుకుందో అప్పటికి తేలుతుంది.